వృక్షాదనియా? వృక్షరుహయా?

అమరకోశము ద్వితీయకాండమందలి వనౌషధివర్గమున పరాయి చెట్లపై మొలచు మొక్కకు నాలుగు పేర్లు చెప్పబడినవి. అందు రెండు పేర్లను పాఠకు లొక్కసారి ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని మా కోరిక. ఒకటి వృక్షాదని, చెట్టును తినునదియని దాని యర్థము. రెండవది వృక్షరుహ, చెట్టుపై పెరుగునదియని మాత్రమే దాని యర్థము. చిన్ననాడు అమరము వల్లించినవారందరు ఈ రెంటిని ఒకే యూపిరిలో చదివి ముందునకు సాగిపోయినవారే. ఒకరి యింట కాపురముండుట వేరు, ఆ యింటివాని కూడు దోచుకొని తినుట వేరు. ఈ రెండు పనులు చేయువారికి ఒకే పేరు పెట్టినచో దోచుకొనువానికి వచ్చు నష్ట మేమియు లేదు. ఊరక కాపురమున్నవానికే నింద వచ్చును. మన దేశమున చెట్లకొమ్మలపై పూచెడు ఒక యందమైన మొక్కకు సరిగా ఈ యన్యాయమే జరిగినది. ఆ మొక్క పేరు మారిన చరిత్రను, ఆ పేళ్ళవలన దానికి పట్టిన గతిని ఈ వ్యాసమున చెప్పదలచినాము.

దానిని నేటి వృక్షశాస్త్రజ్ఞులు వందా టెస్సెలేటా యని పిలుచుచున్నారు. అది ఆర్కిడ్ కుటుంబమునకు చెందినది. మన భాషలో దానికి కనపచెట్టు బదనిక యని పేరు గలదు. ఏటియొడ్డుల పెరుగు కనపచెట్టుమీదనే గాక మామిడి, ఇప్ప, చింత, వేప మొదలగు ముదురు బెరడు గల చెట్లపైనను అది కనబడును. మన తూర్పుకనుమలలోను, వాని దిగువ మైదానములందలి పాత తోటలలోను, వంగదేశమునను, సింహళమునను, బర్మాలోను అది కలదు. జానెడు పొడవున్న ఆకులు దళసరిగా, నడుమ కాలువవలె వంగి, కాడకు రెండు ప్రక్కల వరుసలు తీరి యుండును. ఆకుకొనను ఎవరో కొరికి విడిచినట్లుండుట దాని గుర్తులలో నొకటి. వేసవియందును, వానలు మొదలిడిన దినములందును ఆకుపంగలనుండి వెడలిన కాడలపై ఐదారు మొదలు పది పండ్రెండు వరకు పూవులు విచ్చును. పసుపో, ఆకుపచ్చయో, బూడిదవన్నెయో తేల్చి చెప్పరాని రేకులపై గోధుమరంగు గళ్ళు. నడుమ ఊదారంగు పెదవి. దానికి తోడు తియ్యని పరిమళము. ఎత్తైన కొమ్మలపై నుండుటచేత దారిని పోవువాడు పరిమళమును మూర్కొనియు అది ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలియక పోవుట కద్దు.

అయినను బదనిక యనగానే రైతునకు జ్ఞప్తికి వచ్చునది ఈ పూమొక్క కాదు. మామిడితోటలను పట్టి పీడించు వేరొక బదనిక కలదు. పాత గ్రంథములు దానిని లొరాంథస్ అనినవి. ఇప్పుడు డెండ్రాప్తి ఫాల్కేటా యనుచున్నారు. దాని పండ్లను తిన్న చిన్నపిట్టలు జిగురుతో కూడిన గింజలను కొమ్మలకు రాచి విడుచును. గింజ అచ్చటనే మొలచి, బెరడును చీల్చి, కొమ్మలోని చేవలోనికి తన పీల్చువేళ్ళను దింపును. దానికి పచ్చని ఆకులున్నవి గనుక ఎండలో తన యాహారమును కొంత తానే వండుకొనగలదు. కాని నీరును, నీటితోగూడ వచ్చు లవణములను మామిడికొమ్మనుండి తీసికొనవలసినదే. ఏండ్లు గడచుకొలది కొమ్మ కొనలెండి కాపు తగ్గును. ఈ మొక్కకు వృక్షాదని యను పేరు ముమ్మాటికి తగును. రైతు దానిని కొడవలితో కోసివేయుట న్యాయము.

కనపచెట్టు బదనిక సంగతి అట్లు కాదు. దాని వేళ్ళు కొమ్మను చుట్టి బెరడునకు అంటుకొనును గాని లోపలికి దిగవు. కొన్ని వేళ్ళు దేనికిని అంటక గాలిలో వ్రేలాడుచుండును. ఒక వేరును కోసి చూచినచో మధ్యనున్న సన్నని వేరునకు చుట్టును తెల్లని మెత్తని పొర కనబడును. శాస్త్రజ్ఞులు దానిని వెలామెన్ అందురు. ముసుగని యా లాటిన్ మాట కర్థము. అది చచ్చిన కణములతో నిండిన స్పంజివంటి పొర. వానచుక్క పడినతోడనే ఆ పొర నీటిని పీల్చి పట్టియుంచును, లోపలివేరు దానిని మెల్లగా త్రాగును. పొడిగానున్నప్పుడు తెల్లగా కనబడు వేరు తడిసిన వెంటనే పచ్చనగుటకు కారణ మిదియే. తడిసిన ముసుగు పారదర్శకమై లోపలి పత్రహరితము బయటపడును. అనగా దాని వేళ్ళు సయితము ఎండలో ఆహారమును వండుచున్నవన్న మాట. బెరడుమీదుగా జారు వానధారలలో కరగిన ధూళి, కుళ్ళిన ఆకుముక్కల సారము, పక్షిరెట్టల చెమ్మ, ఇవియే దానికి ఎరువు. ఎండకాలమున నీరు వృథా కాకుండ అది పగలు ఆకురంధ్రములను మూసికొని రాత్రివేళ తెరచి గాలిని గ్రహించును. ఇంత మితముగా బ్రదుకుచు, ఆశ్రయమిచ్చిన చెట్టునుండి చోటు తప్ప మరేమియు కోరని ప్రాణికి చెట్టుతిండియను బిరుదు తగిలించినవారము మనము.

బదనిక యనుమాట చుట్టును పెరిగిన మూఢవిశ్వాసము లీ చిక్కును మరింత ముడివేసినవి. ఫలాన నక్షత్రమున ఫలాన చెట్టు బదనికను తెచ్చి చేతికి కట్టుకొనిన ధనము కలుగునని, శత్రువులు లొంగుదురని, తలచిన స్త్రీ వలచి వచ్చునని తాంత్రికులు కల్పములే వ్రాసిరి. పాములవాండ్రు ఏదో యొక వేరును చూపి యిదే బదనికయని అమ్మి బ్రదికిరి. అడిగినవాడు లేడు, చూచినవాడు లేడు. తాయెత్తులోనికి దూరిన వేరు లొరాంథస్‌దో, ఆర్కిడ్‌దో, గట్టుమీది తుమ్మదో కట్టించుకొన్నవానికి తెలియదు, కట్టినవానికిని తెలిసియుండదు. మొక్కను కన్నులతో చూచి గుర్తించు పని మానివేసి దాని పేరును మంత్రముగా జపించు జాతి, పేరులో దొర్లిన తప్పును దిద్దుకొనుటకు అవకాశమే లేదు.

చెట్టుమీది మొక్కకు చెట్టుపేరు చేర్చి పిలుచు నలవాటు దక్షిణాపథమంతట కలదు. కేరళదేశీయులు వీనిని మరవాళ లనిరి. 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్ నగరమున పండ్రెండు సంపుటములుగా అచ్చుపడిన హోర్టస్ మలబారికస్ అను మహాగ్రంథపు కడపటి సంపుటమున ఈ మరవాళలు పెక్కులు చిత్రింపబడినవి. కొచ్చిన్‌నందు డచ్చివారి యధికారిగానుండిన వాన్ రీడ్ ఈ గ్రంథమును చేయించెను. అంజిలిచెట్టుపై పెరుగునది అంజిలి మరవాళ. ముషిణి చెట్టుపై పెరుగునది కాంజిరమరవాళ. మన కనపచెట్టు బదనిక యను పేరు సరిగా ఈ మూసలో పోసినదే. ఆ గ్రంథమున మేము మిక్కిలి మెచ్చునది మరియొకటి కలదు. ఇట్టి అచ్యుతన్ అను ఈళవ వైద్యుడును, రంగభట్టు, వినాయకపండితుడు, అప్పుభట్టు అను ముగ్గురు కొంకణి బ్రాహ్మణవైద్యులును తాము చెప్పిన విషయములకు తమ చేవ్రాళ్ళతో సాక్ష్యమిచ్చిరి. ఆ సాక్ష్యములు మొదటి సంపుటమున నేటికిని చదువుకొనవచ్చును. తక్కువకులమని త్రోయబడినవాని వృక్షజ్ఞానము, పండితుల జ్ఞానము ఒకే గ్రంథద్వారమున ప్రక్కప్రక్కన నిలిచినది. మన తెలుగుసీమకు ఆ భాగ్యము కలుగలేదని ముందు చూడగలము.

1753లో లినేయస్ ప్రపంచమందలి మొక్కలన్నిటికి రెండేసి మాటల పేళ్ళు పెట్టినప్పుడు, తనకు తెలిసిన చెట్టుమీది ఆర్కిడ్‌లను ఎపిడెండ్రమ్ అను నొకే గణమున చేర్చెను. వాన్ రీడ్ చిత్రించిన మరవాళలును అందులోనికే పోయినవి. గ్రీకుభాషలో ఎపి యనగా పైన, డెండ్రాన్ అనగా చెట్టు. పాఠకులు గమనింతురు గాక! ఇది అమరసింహుని వృక్షరుహకు మాటకు మాట సరిపోవుచున్నది. స్వీడన్‌దేశపు పండితుడు అమరకోశమును ఎరుగడు. అయినను మొక్కను చూచి సత్యమైన పేరునే పెట్టెను.

ఇక మన గోదావరీతీరమునకు వత్తము. స్కాట్లండునుండి వైద్యుడుగా 1776లో చెన్నపట్టణమునకు వచ్చిన విలియం రాక్స్‌బరో 1781లో సామర్లకోటకు చేరెను. అచ్చటి దండువారికి వైద్యము చేయుచు, ఊరివెలుపల తోటవేసి మిరియము, నీలి, చెరకు మొదలగువానిని పరీక్షించుచు, చుట్టుప్రక్కల అడవుల మొక్కలను సేకరించుచు పండ్రెండేండ్లు గడపెను. 1787లో ఆ తీరమును ముంచిన తుపానులో ఆయన పుస్తకములును, ఎండబెట్టి దాచిన మొక్కలును నాశనమయ్యెను. ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను. 1793లో కలకత్తా తోటకు అధిపతియై వెళ్ళునాటికి వందలకొలది చిత్తరువులును వర్ణనలును సిద్ధమైయుండెను. వానిలోనుండి ఏరిన మూడువందల మొక్కలు జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణమున లండనులో కోరమాండల్ తీరపు మొక్కలు అను పేర మూడు సంపుటములుగా 1795 నుండి 1820 వరకు వెలువడినవి. మొదటి సంపుటముననే మన బదనిక కనబడును. రాక్స్‌బరో దానికి ఎపిడెండ్రమ్ టెస్సెలేటమ్ అని పేరిడెను. గచ్చునేలపై పరచిన చిన్నరాళ్ళవలె గళ్ళుగా నుండునదియని రెండవమాట కర్థము. చెట్టుపై నుండునది, గళ్ళపూవులు గలది: పేరులో అసత్య మొక్కటియు లేదు.

ఆ గ్రంథమందలి చిత్తరువులు చూచినవారికి ఒక ప్రశ్న కలుగక మానదు. వీనిని వ్రాసిన దెవరు? రాక్స్‌బరో జీతమిచ్చి పెట్టుకొన్న దేశీయ చిత్రకారులు. ఎవరు చెట్లెక్కి పూవులు కోసి తెచ్చిరి? ఈ దేశపు మనుష్యులే. పెక్కుమొక్కలకు రాక్స్‌బరో తెలుగుపేళ్ళు వ్రాసి పెట్టెను. ఆయన తెలుగుదేశమున తెలుగువారిని అడుగకుండ ఆ పేళ్ళు వచ్చినవి కావు. సోమిదచెట్టు పేరు తరువాత సోయ్‌మిడా యని లాటిన్‌రూపమున ఒక గణనామమై లోకమంతట నిలిచినది. పేరు నిలిచినది గాని పేరు చెప్పినవాని పేరు నిలువలేదు. కొచ్చిన్‌లో నూరేండ్లకు పూర్వమే డచ్చివారు చేసిన మర్యాద సామర్లకోటలో ఇంగ్లీషువారు చేయలేదు. రాక్స్‌బరో శ్రమను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. ఆయనవలె మన చెట్లను శ్రద్ధతో చూచిన పండితుడు ఆ కాలమున మనలో నొక్కడు లేకుండెనని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము. చెట్టు తెలిసినవానికి చదువు రాదు, చదువు వచ్చినవాడు చెట్టు చూడడు. ఇట్లుండెను మన దేశస్థితి.

అదే కాలమున కలకత్తాలో న్యాయాధిపతిగానుండిన సర్ విలియం జోన్స్, 1784లో ఆసియాటిక్ సొసైటీని స్థాపించినవాడు, పనిలేని వేళల తన తోటలోని మొక్కలను పరీక్షించుచుండెను. ఆయన 1794లో మరణించెను. మరుసటి యేట ఆ సంఘపు పత్రికయందు వెలువడిన వ్యాసమున ఆయన ఈ మొక్కనే వర్ణించి, పండితులు చెప్పిన వంద యను సంస్కృతనామమును దానికి చేర్చెను. మామిళ్ళపైనను మారేళ్ళపైనను ఎత్తుగా పెరుగునని, మన్నును నీరును లేని కుండలోనైనను బ్రదుకునని, ఆకులు మంచునీటిని పట్టుకొనుటకు కాలువలవలె నున్నవని ఆయన వ్రాసినది చదివినచో ఎంత సూక్ష్మదృష్టి గలవాడో తెలియును. ఇట్టి మొక్కలను వానికాధారమైన చెట్టును బట్టి వేరుచేసి పిలుచుదురనియు ఆయన గ్రహించెను. కాని ఒక చిక్కు మాత్రము ఆయన గ్రంథమున మిగిలిపోయెను. వంద యనునది పండితుల నోట మొదటినుండియు పరాన్నభుక్కైన మొక్కకును చెల్లుచున్న పేరు. బకుళవంద యనునది లొరాంథస్‌కు చెల్లుచున్నదని జోన్సే వ్రాసెను. మొక్క గాలిమీద బ్రదుకుచున్నదని కన్నులు చెప్పుచుండగా, పేరును మాత్రము వృక్షాదని పంక్తినుండి తీసియిచ్చిరి.

ఆ పేరు స్థిరపడిన దిట్లు. జోసెఫ్ బ్యాంక్స్ తోటలో ఈ మొక్క పూచెను. రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, లినేయస్ చేర్చిన పెద్దగుంపులో ఇది ఇమడదని కనుగొని, 1820లో వందా యను క్రొత్తగణమును స్థాపించెను. జోన్స్ జ్ఞాపకార్థము ఆయన మాటనే గ్రహించి, రాక్స్‌బరో జ్ఞాపకార్థము వందా రాక్స్‌బరీ యని పూర్తిపేరు పెట్టెను. రాక్స్‌బరో స్వయముగా 1795లోనే పెట్టిన టెస్సెలేటా యను మాటకే ముందుహక్కు గలదని పిదప తేలెను. 1830 నుండి వందా టెస్సెలేటా యను రూపము గ్రంథములకెక్కినది. శాస్త్రీయముగా గణవిభాగము మెరుగుపడినదనుటలో సందియము లేదు. పేరు మాత్రము సత్యమునుండి అసత్యమునకు నడచినది. వృక్షరుహగా సముద్రము దాటిన మొక్క వందగా తిరిగివచ్చెను. సంస్కృతనామము లోకమంతట మ్రోగుచున్నదని మనవారు సంతసింతురు. మేమును సంతసింపగలము గాని, ఆ సంతోషములో చిన్న ముల్లొకటి యున్నదని మాత్రము మరువలేము.

ఐరోపావారికి ఈ మొక్కల స్వభావము తెలియుటకు చాలకాలము పట్టెను. ఉష్ణదేశపు మొక్కయనగానే వేడియు తేమయు కావలెనని తలచి, అద్దపుటిండ్లలో పొయ్యిలు పెట్టి, కిటికీలన్ని మూసి, వేళ్ళను మట్టిలో పాతిపెట్టి ఉడికించిరి. వేలకొలది చచ్చినవి. గాలిమీద బ్రదుకు మొక్కకు గాలియే లేకుండ చేసిరి! మన్నులేని కుండలో బ్రదుకునని జోన్స్ వ్రాసిన వాక్యము 1795 నుండి అచ్చులో పడియుండెను గదా. 1830 తరువాత పాక్స్‌టన్ మొదలగు తోటపనివారు గాలి ఆడనిచ్చి, నీరు నిలువకుండ చేసిన పిదపనే అవి బ్రదుకజొచ్చెను. బ్రదుకనేర్చిన వెంటనే వానికి వేరొక యాపద వచ్చెను. ధనికులకు ఆర్కిడ్‌లపై వెఱ్ఱి పుట్టెను.

ఆ వెఱ్ఱికి మన దేశమున గురియైనది వందలలోనే మరియొకటి, ఖాసీకొండల నీలవంద. దానిని గ్రిఫిత్ 1837లో కనుగొనెను. 1850లో జోసెఫ్ హుకర్ అచ్చటి ఓకు చెట్లపైనుండి ఏడుగురు కూలీలు మోయగల బరువును క్యూ తోటకొరకు ఒక్కసారిగా తీయించెను. దారిలో కలిగిన యవాంతరములవలన వానిలో మిగిలి చేరినవి మిక్కిలి కొద్ది. ఆయన వెంట తోటమాలిని పంపి చోటు తెలిసికొన్న వేరొక పెద్దమనిషి ఒక కూలీబరువు మాత్రము పంపగా, వాడిపోయి చేరినను అది 300 పౌనులకు అమ్ముడుపోయెను. చురుకైనవాడు ఒక్క ఋతువులో ఖాసీ ఆర్కిడ్‌లవలన రెండుమూడువేల పౌనులు గడింపవచ్చునని హుకర్ తన ప్రయాణగ్రంథమున వ్రాసెను. ఇంతటి విద్వాంసుడు తాను కనుగొన్న పూదోటకు దారి చూపి, దాని ధరను గూడ అచ్చువేసి పెట్టుట మాకు విచారము కలిగించును. మన గళ్ళవంద ఈ దోపిడినుండి చాలవరకు తప్పించుకొనినది. దాని వన్నె ధనికుల కంటికి చాలినది కాదు. రూపములేమియు ఒక్కొక్కప్పుడు రక్షయగును.

స్వదేశమున మాత్రము దానికి వేరొక పేరువలన హాని కలిగెను. ఆయుర్వేదమున వాతరోగములకు ముఖ్యౌషధము రాస్న. ఆ రాస్న యెద్ది? మన వైద్యులు దుంపరాష్ట్రమును వాడుదురు. అది అల్లమువంటి దుంప. ఉత్తరదేశపు వైద్యులు ప్లూకియా యను పొద ఆకును వాడుదురు. వంగదేశపు కవిరాజులు మన వంద వేళ్ళను ఎండబెట్టి రాస్నయని వాడిరి; ఉదయచంద దత్తు 1877లో ప్రకటించిన హిందూ ఔషధగ్రంథమున దీనినే రాస్నగా చెప్పెను. దుకాణములలో వీనితో అకాంపీ యను వేరొక ఆర్కిడ్ వేళ్ళును కలిసిపోయినవి. దుంప ఒకచోట, ఆకు ఒకచోట, గాలివేరు ఒకచోట. యోగములో శ్లోకము ఒక్కటే. ఒకే కషాయమును త్రాగితిమని కాశీలో ఒకరు, కాకినాడలో ఒకరు, కలకత్తాలో ఒకరు తలతురు. భారతప్రభుత్వపు ఆయుర్వేద ఔషధసంహితలో ప్లూకియా ఆకే రాస్నగా స్వీకరింపబడినది. అయినను అంగడిలో వేళ్ళ వ్యాపారము నిలిచిపోలేదు. వేరు మాత్రమే కావలెనన్నను మొక్క మొత్తమును ఊడదీయుదురు. వేళ్ళు పోయిన వంద మరల చెట్టునకు పట్టుకొనలేదు.

పోయినదానికి బదులు మరియొకటి త్వరగా పెరుగునా యనిన, అదియు లేదు. ఒక్క కాయలో వేలకువేలు విత్తులుండును, ఒక్కొక్కటి ధూళికణమంత. గాలికెగురుటకు తేలికగా నుండవలెనని తల్లి వానికి దారిబత్తెము కట్టి పంపదు. పెసరగింజలో మొలకకు కావలసిన పప్పున్నది; వంద విత్తులో లేదు. మరి మొలచుటెట్లు? ఈ రహస్యమును 1899లో ఫ్రాన్సుదేశపు నోయెల్ బెర్నార్ అను యువకుడు వేరొక ఆర్కిడ్‌పై కనుగొనెను. బెరడుపై నుండు సూక్ష్మమైన శిలీంధ్రము విత్తులోనికి దూరవలెను. విత్తు దానిని చంపదు, దానిచే చావదు, దాని యందలి సారమును గ్రహించుచు ఆకువేయు వరకు పోషణ పొందును. 1922లో అమెరికాదేశపు లూయిస్ నడ్సన్ శిలీంధ్రమునకు బదులు పంచదార కలిపిన పాకముపై విత్తులను మొలిపించి చూపెను. నేడు తాయిలాండు మున్నగు దేశములలో కోట్లకొలది వందజాతి మొక్కలు సీసాలలో పుట్టి పూలయంగళ్ళకు పోవుట ఆ ప్రయోగముయొక్క ఫలమే. అడవిలో మాత్రము శిలీంధ్రము లేనిదే పుట్టుక లేదు. కావున ఈ మొక్క ఎవరికైన ఋణపడినదన్నచో అది చెట్టునకు కాదు, కంటికి కనబడని ఆ బూజునకే. ఇంత వింతసంగతిని ఏ నిఘంటుకర్తయు ఊహించియుండడు.

పేరువలన ప్రవర్తన మారునా యని యడుగువారికి ఒక్క యుదాహరణము చెప్పుదుము. వాన్ రీడ్ చిత్రించిన అంజిలి మరవాళయే అస్సామునందును పెరుగును. అచ్చటివారు దానిని కపౌ పూవందురు. బిహూ పండుగనాడు కన్యలు దానిని కొప్పున ముడుచుకొని ఆడుదురు. నేడది ఆ రాష్ట్రపు పుష్పము. చెట్టుమీద బ్రదుకుటలో కపౌకును మన కనపచెట్టు బదనికకును భేదమేమియు లేదు. అస్సామువారు పూవుకు పేరు పెట్టిరి. మనము పూవును విడిచి, తప్పుగా తెలిసిన బ్రదుకుతెరువునకు పేరు పెట్టితిమి. అచ్చట పండుగవేళ దానికై వెదకుదురు. ఇచ్చట తోటకు కాపుపట్టిన గుత్తదారు, చెట్టు శుభ్రము చేయుడని కూలివానికి చెప్పగా, అతడు లొరాంథస్‌తోపాటు దీనినిగూడ గీకి క్రిందవేయును. బదనిక తీయుమన్నారు, తీసితిని అనును. అతని తప్పేమున్నది?

శాసనము దీనికి కొంత యండగా వచ్చినది. 1973నాటి యంతర్జాతీయపు ఒడంబడికవలన ఆర్కిడ్ కుటుంబమంతయు దేశములు దాటు వ్యాపారమున అదుపునకు లోనైనది. 1972నాటి వన్యప్రాణిసంరక్షణ శాసనమునకు 1991లో చేసిన సవరణవలన నీలవంద ప్రత్యేకముగా రక్షింపబడు మొక్కలలో చేరినది. గళ్ళవందకు ఆ శాసనమున అట్టి చోటు లేదు. దానికి ముప్పు ఇప్పుడు పరదేశపు ఓడలనుండి రాదు. పాత మామిడితోటలు ఇండ్లస్థలములగుటవలన, బాటలు వెడల్పుచేయుచు ఇరువంకల ముసలిచెట్లను కొట్టుటవలన వచ్చుచున్నది. చెట్టు పడినప్పుడు కొమ్మలతో గూడ బదనికలును కట్టెలబండి కెక్కును. ముప్పది నలువది యేండ్ల చెట్టున్నగాని దానికి తగిన బెరడు దొరకదు. క్రొత్తగా నాటిన మొక్కలపై అది వెంటనే కాపురము పెట్టలేదు.

తోటలున్న పాఠకులు భేదమును గుర్తించుట కష్టము కాదు. కొమ్మతో కలిసి ఉబ్బి, ఏది కొమ్మయో ఏది బదనికయో తెలియకుండ లోపల పెనవేసికొని, నారింజవన్నె గొట్టములవంటి పూవులు పూచునది వృక్షాదని. దానిని అంటుకొన్నచోటికి క్రిందుగా కొమ్మతోగూడ కోయవలెను. తాడువంటి తెల్లని వేళ్ళతో బెరడును పైపైన కౌగిలించి, రెండు వరుసల దళసరి యాకులు గలది వృక్షరుహ. గాలివానకు చెట్టు కూలినను, ఎవరైన కొట్టివేసినను, దానిని వేళ్ళు తెగకుండ బెరడుముక్కతో సహా ఊడదీసి, వానకాలము మొదట మరియొక మామిడికొమ్మ పంగలో, ఉదయపుటెండ తగులుచోట, జనపత్రాటితో వదులుగా కట్టినయెడల కొన్ని మాసములలో క్రొత్తవేళ్ళు పట్టుకొనును. మట్టి మాత్రము వేయరాదు.